ఏం చూస్తే నీ మాట తప్పని ఒప్పుకుంటావు? కెమిస్ట్రీ క్లాసులో ఆలోచన అలవాటు చేయడం గురించి

నమస్తే మేడం. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గాజువాక వైపు ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్నారు. సెక్షన్‌కు అరవై మందికి పైనే. ఏది అడిగినా మెటీరియల్‌లో ఉన్న లైను అప్పజెప్తారు, అదే ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే తలలు దించుకుంటారు. వారం వారం టెస్టులు, సిలబస్ ఆగదు, ల్యాబ్ అంతంత మాత్రం. ఈ పరిస్థితిలో పిల్లలకు విమర్శనాత్మకంగా ఆలోచించడం ఎలా నేర్పాలి? నేర్పితే రేపు వాళ్ళు నన్నే ప్రశ్నిస్తారు కదా, అప్పుడు క్లాసు చేతిలో ఉంటుందా?

విశాఖలోనే చాలా ఏళ్ళు ఇంటర్‌కూ డిగ్రీకీ కెమిస్ట్రీ చెప్పిన వాణ్ణి. ఆ అనుభవంతో రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ పిల్లలకు ఆలోచించడం రాదని మాత్రం అనుకోకండి. ఏ ఫోను కొనాలో, ఏ బౌలర్‌కు ఆఖరి ఓవర్ ఇచ్చుండాల్సిందో వాళ్ళు వాదించుకునేటప్పుడు పక్కన నిలబడి వినండి. ఆధారాలు చెప్తారు, ఎదుటివాడి లెక్కలో లొసుగు పట్టుకుంటారు, అవసరమైతే మాట మార్చుకుంటారు. కెమిస్ట్రీ దగ్గరికి వచ్చేసరికి అదంతా ఆగిపోతుంది. ఎందుకంటే కెమిస్ట్రీలో అన్నీ ఎవరో ఎప్పుడో తేల్చేశారు, మన పని గుర్తుపెట్టుకోవడమే అని చిన్న క్లాసుల నుంచీ వాళ్ళకు మనమే నేర్పాం. ఒక వివరణ తప్పయ్యే అవకాశం కూడా ఉంటుందని వాళ్ళకు తెలియదు. తప్పయ్యే అవకాశమే లేని మాట గురించి ఎవరు మాత్రం ఏం ఆలోచిస్తారు?

అందుకని నేను క్లాసులో ఒకే ఒక్క ప్రశ్నను పట్టుకున్నాను. పిల్లవాడు ఏ వివరణ ఇచ్చినా, అది ఒప్పో తప్పో చెప్పకుండా, "ఏం చూస్తే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?" అని అడుగుతాను. ప్రయోగం తరవాత అడిగితే పెద్దగా ఉపయోగం లేదు, ముందే అడగాలి. ఫలితం చూశాక ఎవరైనా దానికి తగిన కారణం అల్లేస్తారు. ముందే మాట ఇచ్చినవాడు మాత్రం ఇరుక్కుంటాడు. అలా ఇరుక్కున్నప్పుడే ఆలోచన మొదలవుతుంది.

దీన్ని మొదలుపెట్టడానికి అందరికీ తెలిసిన కొవ్వొత్తి ప్రయోగం కంటే మంచిది నాకు కనబడలేదు. పళ్ళెంలో కొవ్వొత్తి నిలబెట్టి, చుట్టూ నీళ్ళు పోసి, వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో చెప్తుంది: "ఆక్సిజన్ అయిపోయింది గదా సార్, ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చీసినాయి." గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, నీళ్ళూ ఇంచుమించు అయిదో వంతు ఎక్కాయి, లెక్క సరిపోయింది అంటారు. చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇదే నమ్ముతారు.

ఇక్కడ తొందరపడి సరిదిద్దకండి. "సరే, మీ మాటే నిజమనుకుందాం. ఒక కొవ్వొత్తి బదులు అదే గ్లాసు కింద నాలుగు చిన్న కొవ్వొత్తులు పెడితే నీళ్ళు ఎంత ఎక్కాలి?" అని అడగండి. కాసేపు చూసుకుంటారు. గ్లాసు అదే, లోపలున్న ఆక్సిజన్ అంతే, కాబట్టి నీళ్ళూ అంతే ఎక్కాలి, నాలుగు కొవ్వొత్తులు చోటు ఆక్రమించినందుకు కాస్త తేడా ఉండొచ్చు, అంతే. ఆ మాట వాళ్ళ చేతే బోర్డు మీద రాయించండి. తరవాత చేసి చూపించండి. నాలుగు కొవ్వొత్తులతో నీళ్ళు స్పష్టంగా ఎక్కువ ఎత్తుకు వెళ్తాయి. బోర్డు మీద రాసింది అలాగే ఉంటుంది. చెరిపేయనివ్వకండి.

అప్పుడు మళ్ళీ చేయించి, ఈసారి జాగ్రత్తగా చూడమనండి. గ్లాసు బోర్లిస్తున్నప్పుడు అంచు దగ్గర నీళ్ళలోంచి బుడగలు బయటికి వస్తాయి. నీళ్ళు ఎక్కడం ఎక్కువ భాగం మంట ఆరిపోయాకే జరుగుతుంది, మండుతున్నంత సేపూ మెల్లగా కాదు. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మండుతున్నంత సేపూ ఎక్కుతూ ఉండాలి కదా? ఈ రెండూ చూశాక క్లాసులో ఎవరో ఒకరు వేడి మాట ఎత్తుతారు. మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించింది, కొంత బుడగలుగా బయటికి పోయింది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంది. నాలుగు మంటలైతే వేడి ఎక్కువ, బయటికి పోయిన గాలీ ఎక్కువ.

ఇంటర్ పిల్లలైతే ఇక్కడితో ఆపక్కర్లేదు, కాగితం తీయించండి. మైనాన్ని 25 కార్బన్లు, 52 హైడ్రోజన్లు ఉన్న అణువుగా తీసుకుంటే, ఒక్కో అణువు మండడానికి 38 ఆక్సిజన్ అణువులు కావాలి. వాటి బదులు 25 కార్బన్ డైఆక్సైడ్ అణువులు వచ్చి కూర్చుంటాయి. పుట్టిన నీటి ఆవిరి చల్లబడి నీరవుతుందని వదిలేసినా, వాయువుగా తగ్గింది 38లో 13 మాత్రమే. అంటే గ్లాసులో ఉన్న ఆక్సిజన్ మొత్తం ఖర్చయిపోయినా పరిమాణం తగ్గేది సుమారు ఏడు శాతం, ఇరవై ఒకటి కాదు. పైగా కొవ్వొత్తి మంట ఆక్సిజన్ మొత్తం అయ్యేదాకా మండదు, గాలిలో ఇంకా చాలా మిగిలి ఉండగానే ఆరిపోతుంది. కార్బన్ డైఆక్సైడ్ నీళ్ళలో కరిగిపోయిందేమో అని ఒకరైనా అడుగుతారు. అది మంచి ప్రశ్న. "కరిగితే ఎంతసేపట్లో కరగాలి? పరీక్షించడానికి నీళ్ళలో ఏం కలుపుతావు?" అని వాళ్ళకే తిప్పండి. సున్నపు తేట అనేవాళ్ళు ఉంటారు, సోడియం హైడ్రాక్సైడ్ అనేవాళ్ళూ ఉంటారు. ఇద్దరి చేతా చేయించండి.

ఈ మొత్తానికి ఒక పీరియడ్ పడుతుంది. ఏడాది మొత్తంలో మీరు ఇలా పూర్తిగా ఖర్చుపెట్టాల్సిన పీరియడ్ ఇదొక్కటే. మిగతాదంతా మామూలు పాఠంలోనే ఇమిడిపోతుంది.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కూడా ఒకసారి గమనించుకోండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో సైన్సు క్లాసులను రికార్డు చేసి చూసింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను ఆగి, జవాబు రాకపోతే వేరేవాళ్ళను అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్ల మౌనం అరవై మంది ముందు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. అయినా ఆగండి. మొదటి బెంచీలో ఎత్తిన చేతిని వెంటనే పిలవకండి, ఆ చేతి వల్ల మిగతా వాళ్ళు ఆలోచన ఆపేస్తారు.

ఇక ల్యాబ్. ఉన్న కొద్దిపాటి ల్యాబే మీకు అన్నిటికంటే పెద్ద ఆస్తి. మన దగ్గర ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయో మీకు తెలుసు. ఏమిటో కనుక్కోమని ఇచ్చిన సాల్ట్ రంగు చూస్తారు, ఏదో తేల్చేస్తారు, తరవాత రికార్డులో వెనక్కి వెనక్కి రాసుకుంటూ వస్తారు. టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్ అనే గొట్టంలోంచి ద్రావణాన్ని చుక్కలుగా దింపి గాఢత కొలిచే ప్రయోగంలో, పక్క బ్యాచ్ రీడింగ్ ఎంతో అడిగి అదే వేస్తారు. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూస్తే కోప్పడటంతో సరిపోతుంది, ఏమీ మారదు. ఒకే జవాబు అందరికీ ఉన్నప్పుడు దాన్ని అడిగి తెలుసుకోవడం పిల్లల దృష్టిలో తెలివైన పనే. కాబట్టి జవాబు ఒకటి కాకుండా చేయాలి.

ఒక్కో బల్లకు కొంచెం వేరే గాఢత ఉన్న ద్రావణం పెట్టండి. అటెండర్‌కు పని కొంచెం పెరుగుతుంది, ముందురోజు మీరు కూడా నిలబడాలి. పక్కవాళ్ళ రీడింగ్ ఎందుకూ పనికిరాదని తెలిసిన క్షణం నుంచి పిల్లలు బ్యూరెట్ వైపు చూడటం మొదలుపెడతారు. మార్కులు కూడా "సరైన" విలువకు కాకుండా, మూడు రీడింగులు నిజాయితీగా వేసి, తేడా ఎక్కడ వచ్చి ఉంటుందో రాసినందుకు ఇవ్వండి. చేతిలో ఉన్న ఇంటర్నల్ మార్కుల్లో కొన్నయినా ఇలా ఇస్తే సరిపోతుంది.

ఆక్జాలిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ అందరూ చేయించేదే. దాన్లో ఎంత ఉందో చూడండి. ద్రావణాన్ని 60, 70 డిగ్రీలకు వేడి చేయాలి అంటాం. ఎందుకు? మోర్ లవణంతో (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) చేసినప్పుడు వేడి చేయం. ఎందుకు? ఆమ్లం కోసం సల్ఫ్యూరిక్‌నే ఎందుకు వాడాలి, హైడ్రోక్లోరిక్ వాడితే రీడింగ్ ఎక్కువ వస్తుందా తక్కువ వస్తుందా? నైట్రిక్ అయితే? ఈ ప్రశ్నలు వైవాలో అందరూ అడుగుతారు, పిల్లలకు జవాబులు కూడా కంఠస్థం. అయితే "పర్మాంగనేట్ క్లోరైడ్‌ను ఆక్సీకరిస్తుంది" అని చెప్పిన పిల్లవాడిని, అందువల్ల బ్యూరెట్‌లోంచి ఎక్కువ పర్మాంగనేట్ దిగుతుందా తక్కువా అని అడిగితే ఆగిపోతాడు. ఆ రెండో అడుగు వేయించడమే మన పని.

ఇంకా ముచ్చటైనది మొదటి చుక్కల సంగతి. ఆక్జాలిక్ ఆమ్లంలో పర్మాంగనేట్ మొదటి చుక్కలు వేయగానే రంగు చప్పున పోదు, గులాబీ రంగు కాసేపు నిలబడుతుంది. తరవాత తరవాత చుక్కలు పడగానే రంగు పోతుంది. పిల్లలు దీన్ని ప్రతిసారీ చూస్తారు, ఎవరూ అడగరు. మీరే అడగండి. పుస్తకం చదివినవాళ్ళు "చర్యలో పుట్టిన మాంగనీస్(II) అయాన్లే ఉత్ప్రేరకం" అంటారు. కరెక్టే. అయినా ఒప్పుకోకండి. "ఏం చూస్తే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?" అని అడగండి. చివరికి ఎవరో ఒకరు అంటారు, ముందే కాస్త మాంగనస్ సల్ఫేట్ వేసి చూద్దామని. అంతే. రెండు ఫ్లాస్కులు, ఒకే గాఢత, ఒకే ఉష్ణోగ్రత, ఒకటిలో చిటికెడు మాంగనస్ సల్ఫేట్, రెండిట్లో ఒక్కో చుక్క పర్మాంగనేట్. వేడి చేయకుండా చేస్తే తేడా ఇంకా బాగా కనబడుతుంది. మాంగనస్ సల్ఫేట్ వేసిన ఫ్లాస్కులోనూ రంగు నిలబడి ఉంటే పుస్తకం మాట తప్పని తేలేది. తేలలేదు. పుస్తకాన్ని ఆ పిల్లవాడు ఈసారి పరీక్ష పెట్టి ఒప్పుకున్నాడు.

సాల్ట్ అనాలిసిస్‌లో కూడా ఇదే మెలిక. ఆకుపచ్చ రంగు సాల్ట్ ఇస్తే సగం మంది నికెల్ అనేస్తారు. కాపర్ కార్బొనేట్ ఆకుపచ్చే, కాపర్ క్లోరైడ్‌లోనూ పచ్చదనం ఉంటుంది, ఫెర్రస్ సల్ఫేట్ లేత పచ్చ. అమ్మోనియా ఎక్కువగా పోస్తే నీలం వచ్చింది కాబట్టి కాపరే అని ఇంకొకడు అంటాడు. నికెల్‌కు కూడా ఎక్కువ అమ్మోనియాలో నీలం వస్తుంది, ఛాయ వేరు, అంతే. అంటే ఆ పరీక్ష ఒక్కదానితో రెండిట్లో ఏదో తేలదు. మరి ఏది తేలుస్తుంది? డైమిథైల్ గ్లైయాక్సిమ్‌తో నికెల్ అయితే గులాబీ ఎరుపు అవక్షేపం రావాలి. పొటాషియం ఫెర్రోసయనైడ్‌తో కాపర్ అయితే చాకొలెట్ గోధుమ రంగు రావాలి. "ఈ పరీక్ష దేన్ని నిరూపించింది?" అని అడిగే బదులు "ఈ పరీక్ష దేన్ని కొట్టేసింది?" అని అడగండి. రికార్డులో కూడా ఒక కాలమ్ అదనంగా గీయించండి: ఈ ఫలితం తరవాత ఇంకా మిగిలి ఉన్న అవకాశాలు ఏవి? ఆ కాలమ్‌ను వెనక్కి రాసుకుంటూ రావడం చాలా కష్టం.

ఇక్కడ మన వాడి సంగతి ఒకటి పిల్లలకు తప్పకుండా చెప్పండి. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వాళ్ళకు తెలుసు. భీమవరంలో 1895లో పుట్టారనీ, టెట్రాసైక్లిన్ మందులతో ముడిపడిన పేరనీ జీకే బిట్‌గా చదివి ఉంటారు. ఆయన అమెరికాలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలి రంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. అదే పద్ధతిని కండరాల సారం మీద వాడినప్పుడు రంగు రావాల్సిన వేగంతో రాలేదు, ఆలస్యంగా పెరుగుతూ పోయింది. ఆ రీడింగ్ బాగా రాలేదని పక్కన పడేసి, మరో శాంపిల్ తీసుకుని ఉండొచ్చు. వాళ్ళు అలా చేయలేదు. ఆ ఆలస్యం ఎందుకని వెంటపడితే, ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఒకటి కండరంలో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడిదన్న విషయంలో అప్పటిదాకా అందరూ నమ్మిన లాక్టిక్ ఆమ్లం సిద్ధాంతం దానితో కదిలిపోయింది. మన పిల్లలు రికార్డులో దిద్దేసే "సరిగా రాని రీడింగ్" లాంటిదే అది కూడా. ఈ సంగతి టైట్రేషన్ మొదలుపెట్టే రోజే చెప్తే ఆ రోజు రీడింగులు దిద్దేవాళ్ళు తగ్గుతారు. నేను చూశాను.

ల్యాబ్ బయట విశాఖ ఉంది, దాన్ని వదిలేయకండి. ఏ లోహం ఎంత తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుందో చూపే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టిక చెప్పేటప్పుడు ఈ లెక్క ఇవ్వండి. ఇనుము మైనస్ 0.44 వోల్టులు, జింక్ మైనస్ 0.76, అల్యూమినియం మైనస్ 1.66. పట్టిక ప్రకారం సముద్రపు గాలికి ముందు పోవాల్సింది అల్యూమినియం. బీచ్ రోడ్డు వైపు ఏ అపార్ట్‌మెంట్ చూసినా ఇనుప గ్రిల్లు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటుంది, పక్కనే అల్యూమినియం కిటికీ ఫ్రేము నిలబడి ఉంటుంది. పట్టిక తప్పా? మన చూపు తప్పా? పిల్లల్ని రెండు రోజులు ఆలోచించుకోమనండి. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుందని, ఇనుము తుప్పు పొరలుగా ఊడిపోయి కొత్త లోహాన్ని గాలికి అప్పగిస్తుందని చివరికి అక్కడికి చేరతారు. పట్టిక చెప్పేది చర్య జరగడానికి మొగ్గు ఎటు ఉందో, ఎంత వేగంగా జరుగుతుందో అది చెప్పదు. థర్మోడైనమిక్స్‌కూ గతిశాస్త్రానికీ ఉన్న ఈ తేడా నేరుగా బోర్డు మీద చెప్తే ఒక వాక్యం, మర్నాటికి మరిచిపోతారు. ఎవరో ఒక పిల్ల వచ్చి, "మా కిటికీ ఫ్రేము మీద తెల్లటి మచ్చలు, చిన్న చిన్న గుంటలు పడ్డాయి సార్, పొర కాపాడితే అవేటి?" అంటుంది. ఆ పొరకు తూట్లు పొడిచే, సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ అయాన్ల గురించి మాట్లాడాల్సిన సమయం అదీ. పోర్టులోనూ షిప్‌యార్డులోనూ పనిచేసే వాళ్ళ పిల్లలు మీ క్లాసులో ఉంటారు. ఓడ ఉక్కు అడుగుకు జింక్ దిమ్మలు ఎందుకు బిగిస్తారో, ఆ చోట రాగి దిమ్మలు బిగిస్తే ఏమవుతుందో ఇంట్లో అడిగి రమ్మనండి.

ఇంకొకటి జాగ్రత్తగా చెప్పాల్సింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై ఊరి మీద పడింది. మీ పిల్లల్లో అప్పుడు ఆ చుట్టుపక్కలే ఉన్నవాళ్ళు, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు ఉండొచ్చు. కాబట్టి ముందు కనుక్కుని, వాళ్ళు సరేనంటేనే క్లాసులోకి తీసుకురండి. తీసుకొస్తే మాత్రం ఇంత ముఖ్యమైన కెమిస్ట్రీ పాఠం మన ఊళ్ళో మరొకటి లేదు. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మరి నిల్వ ట్యాంకులో ఉన్న ద్రవం, అర్ధరాత్రి దాటాక, అంత ఆవిరి ఎలా అయింది? దాని అణుభారం 104, గాలి సగటు 29. అంటే ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. అది ఎటు పోతుంది, ఎక్కడ నిలుస్తుంది? స్టైరీన్ అణువులు తమంతట తామే గొలుసులుగా కలిసిపోగలవు, కలిసినప్పుడు వేడి పుడుతుంది, వేడికి చర్య ఇంకా వేగమవుతుంది. దాన్ని ఆపడానికి టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకం కలిపి, చల్లగా ఉంచాలి. ఆ నిరోధకం పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. ప్రమాదం తరవాత ఆ నిరోధకాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు. ఇవన్నీ చెప్పి, "ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం ఒకే చోట ఉంటే అది చెప్పే అంకెను మొత్తం ట్యాంకుకు నమ్మొచ్చా?" అని అడగండి. పాలిమరైజేషన్ చాప్టర్‌లో నాలుగు నిర్వచనాలుగా ఉన్నది అప్పుడు వాళ్ళకు తమ ఊరి సంగతి అవుతుంది. పరిశ్రమల మధ్య బతికే ఊళ్ళో ఏ ప్రశ్న అడగాలో తెలిసిన మనుషులు పెరగాలి. నేను ఈ పని ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం అదే.

వాట్సాప్‌లో తిరిగే మాటలను కూడా ఇలాగే వాడుకోవచ్చు, అయితే వారానికి ఒకటి చాలు. 1996లో తమిళనాడులో ఒకాయన నీళ్ళలో మూలికలు మరిగించి పెట్రోలు తీస్తానని దేశమంతా కలకలం రేపాడు, తరవాత కోర్టు దాన్ని మోసమని తేల్చింది. నమ్మకాల జోలికి వెళ్ళక్కర్లేదు. ఒక లీటరు పెట్రోలులో కార్బన్ ఎన్ని గ్రాములు ఉంటుంది, గుప్పెడు ఆకుల్లో ఎన్ని గ్రాములు ఉంటుంది, మిగతా కార్బన్ ఎక్కడి నుంచి వచ్చింది? అయిదు నిమిషాల లెక్క.

పరీక్షల సంగతి. ఇదంతా చేస్తే ఈఏపీసెట్, నీట్ ర్యాంకులు పోతాయేమోనని మీ మేనేజ్‌మెంట్ అడుగుతుంది. పోవు. బిట్లను పక్కన పెట్టకుండా బిట్లతోనే చేయండి. ఒక బిట్ ఇచ్చి, సరైన ఆప్షన్ మీరే చెప్పేయండి. మిగతా మూడింట్లో ఒక్కోదాన్ని ఎంచుకున్నవాడు ఏమనుకుని ఎంచుకుని ఉంటాడో రాయమనండి. ఉదాహరణకు నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్య సమతాస్థితిలో ఉన్న పాత్రలోకి, ఘనపరిమాణం మారకుండా, చర్యలో పాల్గొనని ఆర్గాన్ పంపితే ఏమవుతుంది? ఏమీ కాదు. "ముందుకు జరుగుతుంది" అన్నవాడు పీడనం పెరిగింది కాబట్టి తక్కువ మోల్స్ వైపు పోతుందనుకున్నాడు. చర్యలో పాల్గొనే వాయువుల పాక్షిక పీడనాలు మారలేదని గమనించలేదు. "వెనక్కి" అన్నవాడు స్థిర పీడనం దగ్గర జరిగేది చెప్పాడు, ప్రశ్నలో షరతు చదవలేదు. తప్పు జవాబు వెనకున్న ఆలోచనను పట్టుకోగలిగినవాడు అదే తప్పు పరీక్ష హాల్లో చేయడం అరుదు.

పీహెచ్ చాప్టర్‌లో 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం బిట్ అందరికీ తెలుసు. ఫార్ములాలో వేస్తే పీహెచ్ ఎనిమిది వస్తుంది, అంటే క్షారం. జవాబు 6.98 అని పిల్లలకు నోటికి వచ్చు. మీరు ఆ అంకె అడగకండి. "ఎనిమిది అని క్యాలిక్యులేటర్ చెప్తే, ఇది జరగదని లెక్క చేయకుండా నీకెలా తెలుస్తుంది?" అని అడగండి. నీళ్ళలో ఆమ్లం కలిపితే క్షారం ఎలా అవుతుందన్న ఆ చిన్న అనుమానం, జవాబు వచ్చాక దాన్ని ఒకసారి ఎగాదిగా చూసే అలవాటు, ప్రతి న్యూమరికల్‌లోనూ పనికొస్తుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. పిల్లలు ప్రయోగాలు రూపొందించడం వేరు, తోచింది కలిపి చూడటం వేరు. బ్లీచింగ్ పౌడర్‌లో ఆమ్లం పోస్తే క్లోరిన్ వస్తుంది, అది ఇంట్లో బాత్రూమ్‌లో కూడా జరుగుతుంది. ఏ ప్రయోగమైనా ముందు కాగితం మీద రాసి, మీ సంతకం అయ్యాకే చేయాలన్నది మొదటి రోజే చెప్పండి, దాన్ని ఎప్పుడూ సడలించకండి.

మీ చివరి ప్రశ్న, పిల్లలు మిమ్మల్నే ప్రశ్నిస్తే క్లాసు చేతిలో ఉంటుందా అన్నది. ఉంటుంది. ప్రశ్నించడానికి పద్ధతి ఒకటి పెట్టారు కదా, అది మీకూ వర్తిస్తుందని మొదటే చెప్పండి. "మేడం, మీరు చెప్పింది తప్పు" అన్న పిల్లను కూడా అదే అడగండి: ఏం చూస్తే ఒప్పుకుంటావు? చెప్పగలిగితే పరీక్షిద్దాం, చెప్పలేకపోతే ఆలోచించుకుని రా. మాట పడిపోయిందని ఏ పిల్లవాడూ సిగ్గుపడకుండా చూసుకోండి, అది మాత్రం మీ బాధ్యత. ఆక్సిజన్‌ను 1774లో విడదీసిన ప్రీస్ట్‌లీ, మండేటప్పుడు వస్తువులోంచి ఫ్లోజిస్టాన్ అనే పదార్థం బయటికి పోతుందన్న పాత సిద్ధాంతాన్నే చనిపోయేదాకా నమ్మాడు. లోహాలు గాలిలో కాలిస్తే బరువు పెరుగుతాయన్న సంగతి తెలిసినా ఆ సిద్ధాంతాన్ని వదలలేదు. తెలివైనవాళ్ళే అలా పట్టుబడిపోతారని చెప్తే, తొందరగా వదలగలిగిన పిల్లకు కాస్త గర్వంగా ఉంటుంది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం కొవ్వొత్తి చేయండి. ఆ తరవాత ప్రతి పాఠంలో ఒక్కసారి ఆ ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. టైట్రేషన్ బ్యాచ్‌లు మొదలయ్యే లోపు స్టోర్‌లో మాంగనస్ సల్ఫేట్ సీసా ఉందో లేదో చూసుకోండి. చాలా కాలేజీల్లో అది అడుగున ఎక్కడో గడ్డకట్టి ఉంటుంది, ఈ పనికి అది కూడా చక్కగా సరిపోతుంది.